రెండు చెంచాల దగ్గు మందు

వనజాక్షికి నలభై తొమ్మిదేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు మరమగ్గాల చప్పుడులోనే గడిచాయి. నగరి పట్టణంలో నేతపని వాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలో వాళ్ళ ఇల్లు. ముందు హాల్లో నాలుగు మగ్గాలు, వెనక వంటగది, పక్కన చిన్న పడకగది. భర్త మురుగేష్ రెండు మగ్గాలు చూసుకుంటే ఆమె రెండు చూసుకునేది. పొద్దున ఆరింటికి మోటార్లు వేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ ఆపరు. ఆ చప్పుడులో మాట వినపడదు. అందుకని ఆ ఇంట్లో అందరికీ పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం అలవాటు. బయటికి వెళ్ళినప్పుడు కూడా వనజాక్షి గట్టిగానే మాట్లాడేది. తెలియనివాళ్ళు పోట్లాడుతోందేమో అనుకునేవాళ్ళు.

పడుగులో పోగు తెగితే ముడి వేయడంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. తెగిన కొస ఎక్కడుందో వేళ్ళకే తెలిసిపోయేది. పక్కింటివాళ్ళు కొత్త కోడలికి పని నేర్పాలంటే ఈమె దగ్గరికే పంపేవాళ్ళు.

ఆ ఏడు కార్తీక మాసంలో వానలు పట్టుకున్నాయి. హాలు కిటికీలు మూసేయాల్సి వచ్చింది. దూది నూగు బయటికి పోయే దారి లేక కనుబొమల మీదా, తల మీదా, తాగే నీళ్ళ చెంబు మీదా వాలింది. వనజాక్షికి దగ్గు మొదలైంది. మొదట పొడిగా ఉండి, నాలుగు రోజులకు తెమడ పట్టింది. ఎంత దగ్గినా బయటికి రాదు. ఛాతీలో ఏదో అంటుకుపోయినట్టు ఉండి, పడుకుంటే పిల్లికూత వినపడేది.

డాక్టరు దగ్గరికి పోదామని మురుగేష్ రెండుసార్లు అన్నాడు. ఆమె వాన తగ్గనీ అంది. అసలు కారణం వేరు. వాళ్ళమ్మ కూడా మగ్గం మీదే బతికింది, చివరి ఏడాదంతా దగ్గుతూనే పోయింది. ఆ దగ్గు చప్పుడు వనజాక్షి చెవుల్లో ఇప్పటికీ ఉంది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి ఏ మాట అంటాడో అని ఆమెకు భయం. ఆ మాట వినకుండా ఉన్నంతకాలం తనకేమీ లేనట్టే అనిపించేది.

ముందటేడు మురుగేష్‌కు ఇలాగే తెమడ పట్టినప్పుడు డాక్టరు ఒక సిరప్ రాశాడు. దాని ఖాళీ సీసా అలమరలో ఉంది. ఆమె దాన్ని పట్టుకుని మునిప్రసాద్ మెడికల్ షాపుకు వెళ్ళింది. మునిప్రసాద్ ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు. ఎవరికని అడిగాడు. నాకే అంది. బీపీ ఉందా, గుండె దడ ఉందా అని అడిగాడు. ఏమీ లేదంది. నిజానికి ఆమె ఎప్పుడూ చూపించుకోలేదు.

“ఇది తెమడను పల్చన జేసే మందక్కా. మూతలో పది గీత కాడికి పోసుకో, దినానికి మూడుసార్లే. గోరెచ్చటి నీళ్ళు బాగా తాగల్ల, నీళ్ళు లేకుంటే ఇది పని జెయ్యదు. ఐదు దినాల్లో తగ్గకుంటే మళ్ళీ నా కాడికి రావద్దు, డాక్టరు కాడికి పో” అన్నాడు.

ఇంటి దగ్గర మోటార్లు ఆపి వచ్చింది కనుక అన్నింటికీ తలూపి వచ్చేసింది.

మొదటి రోజే గుణం కనిపించింది. సాయంత్రానికి తెమడ కదిలి గొంతు దాకా వచ్చింది, ఊస్తే పోయింది. ఛాతీ తేలికపడింది. అంత సుఖం ఇచ్చిన మందు కొంచెం ఎక్కువ తాగితే ఇంకా మంచిదే కదా అనుకుంది. మూతలో కొలుచుకునే తీరిక కూడా లేదు. మూడో రోజుకు మూత ఎక్కడో పోయింది. మగ్గం పక్క గూట్లో సీసా పెట్టుకుని, దగ్గు వచ్చినప్పుడల్లా ఎత్తి రెండు గుక్కలు తాగేది. నీళ్ళు మాత్రం తాగేది కాదు. నీళ్ళు తాగితే మాటిమాటికీ పెరట్లోకి పోవాలి, పోయిన ప్రతిసారీ మగ్గాలు ఆపాలి. అందువల్ల తెమడ మళ్ళీ చిక్కబడేది, ఆమె మళ్ళీ సీసా ఎత్తేది. మొదటి సీసా నాలుగు రోజులకే ఖాళీ అయింది. మునిప్రసాద్ ఏమంటాడోనని రెండో సీసాకు, మూడో సీసాకు బస్టాండు దగ్గర వేరే షాపుకు వెళ్ళింది.

మూడో వారంలో ఆమె చేతులు వణకడం మొదలైంది. తెగిన పోగు రెండు కొసలూ పట్టుకుంటే వేళ్ళు ఒకచోట నిలవవు. మూడుసార్లు తప్పాక గానీ ముడి పడదు. గుండె కూడా దడదడలాడేది. వయసు మీద పడుతోందనుకుంది, రక్తం తగ్గిందనుకుంది. మురుగేష్ చూడకుండా అతనికి వీపు పెట్టి ముడులు వేసేది.

ఆ పరిస్థితిలో ఉండగా ఒక గురువారం పొద్దున కూతురు భువనేశ్వరి వచ్చింది. భువనేశ్వరి రేణిగుంట వైపు ఉన్న ఫోన్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తుంది. అల్లుడు గిరి పాల వ్యాను నడుపుతాడు. వాళ్ళ కూతురు యామినికి రెండేళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. రోజూ పొద్దున పిల్లను అమ్మ దగ్గర వదిలి భువనేశ్వరి కంపెనీ బస్సు ఎక్కుతుంది. ఆ రోజు పిల్లకు ముక్కు కారుతోంది, గొంతులో గురగుర ఉంది. జ్వరం లేదు.

“మందేం పోయొద్దమ్మా. పాలూ నీళ్ళూ కొంచెం కొంచెం తాగిస్తా ఉండు. సాయంత్రం నేనొచ్చి డాక్టరు కాడికి తీస్కపోతా” అని చెప్పి వెళ్ళింది.

వనజాక్షి పిల్లను పడకగదిలో చాప మీద కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. ఆ పిల్ల గొంతులోని గురగుర ఆమెకు తన ఛాతీలోని చప్పుడులాగే వినిపించింది. చిన్న ప్రాణం, తెమడను ఊసేయడం కూడా తెలియదు. సాయంత్రం దాకా ఎలా ఓర్చుకుంటుంది? తనకు ఒక్క రోజులో గుణం ఇచ్చిన మందు గూట్లోనే ఉంది.

ఏడు గంటలప్పుడు అన్నం తినే చెంచా నిండా పోసి తాగించింది. మందు తియ్యగా ఉండేసరికి పిల్ల చెంచాను నాకింది. తొమ్మిదింటికి గురగుర తగ్గలేదని మళ్ళీ ఒక చెంచా పోసింది. మురుగేష్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని కూడా అప్పుడు తోచలేదు.

పదింటికి నిద్రపోవాల్సిన పిల్ల నిద్రపోలేదు. ఎత్తుకుంటే దిగుతానంటుంది, దింపితే ఎత్తుకోమంటుంది. కారణం లేకుండా ఏడ్చి, తాగిన పాలన్నీ కక్కింది. కక్కితే తెమడ కూడా పడిపోయి ఉంటుందని వనజాక్షి తనకు తాను సర్దిచెప్పుకుంది. మూతి కడిగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బిస్కెట్ అందించింది. యామిని చెయ్యి చాపింది. ఆ చిన్న వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. బిస్కెట్ పట్టుకున్నాక కూడా ఆగలేదు.

వనజాక్షి ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఆ వణుకు ఆమెకు తెలుసు. వారం రోజులుగా పోగు పట్టుకున్నప్పుడు తన వేళ్ళు వణికింది అలాగే. పిల్ల ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. చేతి కింద గుండె లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా కొట్టుకుంటోంది.

వయసు కాదు, రక్తం తక్కువై కాదు, మందేనని ఆమెకు అప్పుడు అర్థమైంది.

హాల్లోకి పరుగెత్తింది. మురుగేష్ ఆమె ముఖం చూడగానే మోటార్లు ఆపేశాడు. ఆమె చెప్పింది. ఎంత పోశావని అడిగాడు. రెండు చెంచాలంది. అతను లుంగీ మార్చుకోకుండానే టీవీఎస్ బయటికి తీశాడు. బండిని నేరుగా ప్రభుత్వాసుపత్రికి పోనిచ్చాడు. పిల్ల ఆమె భుజం మీద తల పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. నిద్రపోయినా భయమే, మేలుకుని ఉన్నా భయమే అయింది వనజాక్షికి.

ఆసుపత్రిలో నర్సు స్టెల్లా పిల్లను బల్ల మీద పడుకోబెట్టి బొటనవేలికి క్లిప్పు తగిలించింది. దానికి కట్టిన చిన్న మెషీన్‌లో గుండె వేగం నూట తొంభై అని అంకె కనిపించింది. స్టెల్లా ఆ అంకెను చూసి డాక్టరమ్మను పిలిచింది. పిల్లకు పొద్దుటి నుంచి ఏం పెట్టారు, మందేమైనా పోశారా అని డాక్టరమ్మ అడిగింది.

“పాలే మేడమ్. ఇంకేం లేదు” అంది వనజాక్షి.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కూతురు పొద్దున చెప్పి వెళ్ళిన మాట, ఇప్పుడు అందరి ముందూ ఒప్పుకోవాల్సిన మాట రెండూ ఒకేసారి మనసులో మెదిలాయి. పక్కన నిలబడ్డ మురుగేష్ ఆమె వైపు చూశాడు.

డాక్టరమ్మ పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. జ్వరం లేదు, నెమ్ము లేదు, గుండె మాత్రం ఇంత వేగంగా ఉంది, గుండెలోనే లోపం ఉందేమో తిరుపతిలో చూపించాలి అని స్టెల్లాతో అంటోంది. అంబులెన్సు సంగతి మాట్లాడుకుంటున్నారు. లేని జబ్బు కోసం పిల్లను ఎక్కడికో తీసుకుపోబోతున్నారని, అసలు సంగతి తన నోట్లోనే ఉండిపోయిందని వనజాక్షికి అర్థమైంది.

“నేనే పోసినాను మేడమ్” అంది. మగ్గాల మధ్య మాట్లాడినంత గట్టిగా వచ్చింది ఆ మాట. “నేను తాగే దగ్గు మందు. అన్నం చెంచాతో రెండుసార్లు పోసినాను. బిడ్డ చేతులు వణకతా ఉండాయి, నాకూ అట్నే వణకతా ఉండాయి.”

డాక్టరమ్మ ఆమెను కోప్పడలేదు. ఎన్ని గంటలకు పోశారో, తర్వాత వాంతి అయిందో లేదో అడిగి రాసుకుంది. ఆ సీసా, ఆ చెంచా రెండూ తెమ్మని మురుగేష్‌ను పంపింది. అతను పావుగంటలో తెచ్చాడు. ఆమె సీసా మీది చిన్న అక్షరాలు చదివింది. చెంచా నిండా నీళ్ళు పోసి, ఆ నీళ్ళను సూది లేని సిరంజితో లాగి చూసింది. పన్నెండు ఎం.ఎల్. వచ్చింది. రెండుసార్లకు ఇరవై నాలుగు. పెద్దవాళ్ళకు ఒక పూటకు పది.

తర్వాత వాళ్ళిద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఆ సీసాలో తెమడను పల్చన చేసే మందులు ఉన్నాయి. వాటితో పాటు ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు కూడా కలిసి ఉంది. అది మోతాదు మించితే గుండె దడ, చేతుల వణుకు, వాంతి వస్తాయి. ఇంత చిన్నపిల్లలకు ఇలాంటివి డాక్టరు చెప్పకుండా పోయనేకూడదు. అన్ని దగ్గు మందులూ ఒకటి కావు, సీసాలు ఒకేలా కనిపించినా లోపలి సరుకు వేరుగా ఉంటుంది.

“ప్రాణానికేమన్నా అవతాదా మేడమ్?” అని మురుగేష్ అడిగాడు.

“కక్కింది కాబట్టి కొంత బయటికి పోయుంటుంది. మందు దిగేదాకా కనిపెట్టుకుని ఉండాల. ఇప్పుడే ఏం చెప్పలేను” అంది డాక్టరమ్మ.

తిరుపతిలో పిల్లల డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. పిల్ల చేతికి సెలైన్ పెట్టారు, రక్తం తీశారు. అంకె తగ్గకపోయినా, పిల్ల మగతగా అయినా వెంటనే పంపేలా అంబులెన్సును సిద్ధంగా ఉంచారు.

భువనేశ్వరికి చెప్పడానికి వీల్లేదు. కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, ఒంటిగంటకు భోజనానికి వచ్చినప్పుడే చూసుకుంటుంది. గిరికి మాత్రం మురుగేష్ చెప్పాడు, అతను పుత్తూరు దాటి ఉన్నాడు, వ్యానులోని పాలు డెయిరీలో దించి వస్తానన్నాడు. వనజాక్షి బల్ల పక్కన నిలబడి మెషీన్‌లోని అంకెనే చూస్తూ ఉంది. నూట ఎనభై ఆరు. నూట ఎనభై తొమ్మిది. నూట ఎనభై నాలుగు. స్టెల్లా పావుగంటకొకసారి వచ్చి రాసుకుపోయేది. ఒకసారి క్లిప్పు జారి అంకె మాయమైతే వనజాక్షి బల్ల అంచు పట్టుకుంది. స్టెల్లా క్లిప్పు మళ్ళీ తగిలించి, కూర్చోండమ్మా అని స్టూలు జరిపింది. ఆమె కూర్చోలేదు.

ఒంటిగంటా పది నిమిషాలకు ఫోన్ మోగింది. మురుగేష్ చెయ్యి చాపాడు. వనజాక్షి తానే మాట్లాడతానంది.

“బువనా, బిడ్డకు నా మందు పోసినాను. నువ్వు వద్దన్నా పోసినాను. ఆస్పత్రిలో ఉండాము” అని ఒక్క ఊపిరిలో చెప్పింది.

కంపెనీ క్యాంటీన్‌లో ప్లేట్ల చప్పుడు ఫోన్లో వినపడింది. తర్వాత భువనేశ్వరి పిల్ల మెలకువగా ఉందా అని అడిగింది. ఉందంటే ఫోన్ పెట్టేసింది.

రెండింటికి అంకె నూట డెబ్భైకి దిగింది. రక్తంలో తగ్గిన ఉప్పును సరిచేయడానికి సెలైన్‌లో ఏదో కలిపారు. మూడింటికి నూట యాభై ఎనిమిది. భువనేశ్వరి, గిరి ఒకే సమయానికి వచ్చారు. భువనేశ్వరి కంపెనీ కోటు కూడా విప్పకుండా వచ్చింది. తిన్నగా పిల్ల దగ్గరికి వెళ్ళి, సెలైన్ లేని చేతిని తన చేతిలో పెట్టుకుంది. అమ్మ వైపు చూడలేదు. వనజాక్షి గోడ వైపుకు జరిగి చోటిచ్చింది.

నాలుగున్నరకు నూట ముప్పై ఐదు. వేళ్ళ వణుకు ఆగింది. యామిని పాలడిగింది. ఇక తిరుపతి అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పాక గిరి బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. పిల్ల జలుబుకు మందేమీ అవసరం లేదని, ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కలు చాలని, చిన్నపిల్లలు తెమడను మింగేస్తారని, అది విరేచనంలో పోతుందని, ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్క లోపలికి పోతున్నా, పాలు మానేసినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ భువనేశ్వరికి చెప్పింది.

ఆ సమయంలోనే వనజాక్షికి దగ్గు తెర వచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. డాక్టరమ్మ తిరిగి చూసి, ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఇది నాలుగో వారమంది వనజాక్షి. మందు రోజుకు ఎంత తాగుతున్నారని అడిగింది. కొలత తెలియదని చెప్పడానికి వనజాక్షి సిగ్గుపడింది. బీపీ చూస్తే ఎక్కువగా ఉంది. ఆ సిరప్ ఆ రోజుతో మానేయమని చెప్పి, తెమడ పరీక్షకు రెండు డబ్బాలు ఇచ్చారు. ఒకటి అప్పుడే, రెండోది మర్నాడు పొద్దున లేవగానే పట్టి ఇవ్వాలి. ఛాతీకి ఎక్స్‌రే ఫొటో కూడా తీశారు. ఫలితం సోమవారం వస్తుందన్నారు.

ఆ మూడు రోజులూ వనజాక్షి జీవితంలో ఎప్పుడూ లేనంత భయంతో గడిపింది. భువనేశ్వరి సెలవు పెట్టి పిల్లను తన ఇంట్లోనే ఉంచుకుంది. అది అమ్మ మీద కోపంతోనో, పిల్ల మీద బెంగతోనో తెలియదు, అడిగే ధైర్యం లేదు. తనకు అమ్మలాగా క్షయే ఉంటే, ఇన్ని వారాలుగా రోజంతా పిల్లను ఒళ్ళో పెట్టుకుని దగ్గినందుకు అది పిల్లకూ అంటి ఉంటుంది. చెంచాలతో పోసినది సాయంత్రానికి దిగిపోయింది, ఇది అలా దిగిపోయేది కాదు. అన్నం సయించలేదు. మురుగేష్ గ్లాసుతో వేణ్ణీళ్ళు తెచ్చి మగ్గం పక్కన నిలబడేవాడు, తాగేదాకా కదిలేవాడు కాదు. ఆవిరి పట్టుకోవడానికి అతనే నీళ్ళు కాచేవాడు. శనివారానికి ఆమె చేతులు నిలకడకు వచ్చాయి. మొదటిసారికే ముడి పడింది. సంతోషించడానికి మనసు రాలేదు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళారు. క్షయ లేదు. ఫొటోలో కూడా అలాంటిదేమీ కనిపించలేదు. నూగు వల్ల ఊపిరి గొట్టాలు వాచి ఉన్నాయని, ఇంకా నిర్లక్ష్యం చేస్తే ఆయాసంగా మారుతుందని డాక్టరమ్మ చెప్పింది. బీపీకి మాత్ర రాసింది. తెమడ కోసం వేరే సిరప్ రాసింది, ఐదు రోజులకు మాత్రమే. వనజాక్షి మందుల చీటీ పట్టుకుని వరండాలో కూర్చుని, పమిట ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మురుగేష్ పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఈసారి మందు మునిప్రసాద్ దగ్గరే తీసుకుంది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. అతను అంతా విని, తానే మొదటి సీసా ఇచ్చానని చాలా బాధపడ్డాడు. ఇకమీదట పాత సీసా చూపిస్తే ఎవరికీ ఇవ్వనన్నాడు. గీతలున్న చిన్న ప్లాస్టిక్ గ్లాసు ఒకటి ఇచ్చి, పది గీత మీద పెన్నుతో నల్లగా గుర్తు పెట్టాడు. వాడగా మిగిలితే దాచుకోవద్దు, పారబొయ్యమన్నాడు.

హాలు కిటికీలకు మురుగేష్ దోమల జాలీ కొట్టించాడు, వాన జల్లు పడినా తెరిచే ఉంచారు. వనజాక్షి మూతికి తడిగుడ్డ కట్టుకుని మగ్గం ముందు నిలబడింది. పెదవులు కనపడక మొదటి రెండు రోజులు ఒకరి మాట ఒకరికి తెలియలేదు. మూడు గంటలకొకసారి మోటార్లు ఆపి నీళ్ళు తాగింది. దగ్గు పూర్తిగా పోవడానికి నెల పట్టింది.

ఫలితం వచ్చిన ఆ వారమే, బుధవారం పొద్దున భువనేశ్వరి యామినిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. వనజాక్షి చేతులు చాపలేదు. పిల్లే అవ్వ అవ్వ అంటూ ముందుకు వంగింది. భువనేశ్వరి పిల్లను అమ్మ చేతికి ఇచ్చి, పర్సులోంచి ఒక కాగితం తీసింది.

“మా సూపర్‌వైజర్ నంబరు రాసినా. ఏమన్నా అయితే ఆమెకు ఫోన్ జెయ్, నన్ను పిలస్తాది. ఒంటిగంట దాకా ఆగొద్దు” అంది. పర్సు మూసి, “నీకేం లేదని నాయన చెప్పినాడు” అంది.

“లేదంట” అంది వనజాక్షి.

బస్సు హారన్ కొట్టింది. భువనేశ్వరి గబగబా వీధి చివరకు నడిచింది. వనజాక్షి ఆ కాగితాన్ని పడకగది తలుపుకు నాలుగు మూలలా జిగురు పూసి అంటించింది. పిల్లకు పాలు తాగించి నిద్రపుచ్చి, ఛాతీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసుకున్నాక, మోటారు వేయమని మురుగేష్‌కు సైగ చేసింది.